ఆరోగ్యశ్రీ ఉన్నా ప్రైవేటు దవాఖానలో డబ్బులు ఎందుకు అడుగుతున్నారు?

హన్మకొండలో ఏ ప్రైవేటు దవాఖానకు పోయినా కార్డు చూపిస్తే చాలనుకుంటారు. చాలదు. ఆ దవాఖాన ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్‌లో (పథకంతో ఒప్పందం ఉన్న దవాఖానల జాబితాలో) ఉండాలి, మీ జబ్బుకు సంబంధించిన విభాగం కూడా అందులో ఉండాలి. గుండెకు ఉండి ఎముకలకు లేకపోవచ్చు. బయల్దేరే ముందే 104కు ఫోన్ చేసి అడగండి.

లోపలికి పోగానే క్యాష్ కౌంటర్ వైపు కాదు, ఆరోగ్యమిత్ర (ఆరోగ్యశ్రీ రోగులకు సాయం చేసే ఉద్యోగి) డెస్క్ దగ్గరికి పోవాలి. ఆహార భద్రత కార్డు, ఆధార్ చూసి పేరు నమోదు చేస్తారు. పరీక్షల రిపోర్టులు జతచేసి దవాఖానే ముందస్తు అనుమతికి పంపుతుంది. ఎమర్జెన్సీ అయితే ఫోన్లోనే అనుమతి తీసుకునే వీలుంది.

తేడా కొట్టేది ఎక్కువగా ఇక్కడే: రాత్రిపూట కంగారులో అడ్వాన్స్ కట్టి చేర్పిస్తారు, తెల్లారి కార్డు తీస్తారు. అప్పటికే క్యాష్ పేషెంటుగా కేసు షీటు రాసేసి ఉంటారు. దాన్ని మార్పించడం పెద్ద తలనొప్పి.

2023 డిసెంబరు నుంచి ఉచిత వైద్యం పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. పరీక్షలు, మందులు, భోజనం, డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు ప్యాకేజీలోనివే. "మంచి రకం ఇంప్లాంట్ వేస్తాం, తేడా కట్టండి" అంటే రాసిమ్మనండి. చాలాసార్లు అక్కడే మాట మారుతుంది.

అట్లాగని దవాఖానల గోడు ఉత్తిదేం కాదు. రేటు సర్కారు నిర్ణయిస్తుంది, బిల్లు ఎప్పుడో వస్తుంది. బకాయిల కోసమే 2025లో నెట్‌వర్క్ దవాఖానలు సేవలు ఆపాయి. అట్లాంటప్పుడు వరంగల్‌లోని సర్కారు దవాఖాన ఎంజీఎమ్మే దిక్కు.