కొత్త ఎం.ఆర్.ఐ. యంత్రానికి ‘అవసరం ఉంది’ అన్న అనుమతి: పోటీకి మేలా, కీడా?

అమెరికాలో కొత్త ఆసుపత్రి కట్టాలన్నా, ఎం.ఆర్.ఐ. యంత్రం కొనాలన్నా చాలా రాష్ట్రాల్లో ముందుగా ప్రభుత్వం నుంచి ‘సర్టిఫికేట్ ఆఫ్ నీడ్’, అంటే ఇక్కడ దాని అవసరం ఉందన్న అనుమతి, తెచ్చుకోవాలి కదా, దానివల్ల పోటీ ఏమవుతుందని అడిగారు. నార్త్ కరోలినాలో ఒక ఎముకల వైద్యుల క్లినిక్‌లో తొమ్మిదేళ్లుగా ఆఫీసు వ్యవహారాలు చూస్తున్నాను. నేను చూసినంతలో పోటీ తగ్గుతుంది.

ఏ ప్రాంతానికి ఇంకా ఎన్ని యంత్రాలు కావాలో మా రాష్ట్రం ఏటా లెక్కగట్టి ప్రకటిస్తుంది. ఆ లెక్కలో సున్నా అని ఉంటే, చేతిలో డబ్బున్నా, గుమ్మంలో రోగులున్నా కొనడానికి వీల్లేదు. ఒకటి అని ఉంటే దానికోసం పలువురు పోటీపడతారు. అప్పటికే యంత్రాలున్న ఆసుపత్రి కూడా దరఖాస్తు పెట్టవచ్చు, ఇతరుల దరఖాస్తుపై అభ్యంతరాలూ రాయవచ్చు. ఆంధ్రలో 2002 నాటి చట్టం ప్రకారం ప్రైవేటు ఆసుపత్రి రిజిస్టర్ చేసుకోవాలే గానీ, ఊరికి ఇంకొకటి అవసరమా అని ఎవరూ అడగరు.

మా డాక్టర్లు ఒకసారి దరఖాస్తు పెట్టి, లాయర్లకు బోలెడంత పోసి, చివరికి ఓడిపోయారు. అప్పటి నుంచి అనుమతి ఉన్న సంస్థ ట్రెయిలర్‌లో తెచ్చే యంత్రాన్ని వారానికి రెండు రోజులు అద్దెకు తీసుకుంటున్నాం. మోకాలికి పట్టీ వేసుకున్న పెద్దాయన వానలో ఆ ఇనుప మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతుంటే నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. మంగళవారం కుదరకపోతే గురువారం దాకా ఆగాలి. ఆగలేనివారు ఆసుపత్రికి వెళ్లి, ఎక్కువ బిల్లు కట్టుకోవాలి.

పడకలు పెరిగితే అనవసర వైద్యమూ ఖర్చూ పెరుగుతాయన్న భయంతో 1974లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఒక చట్టంతో ఈ పద్ధతిని దాదాపు రాష్ట్రాలన్నిటికీ విస్తరింపజేసింది. ఖర్చు తగ్గలేదు. 1986లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసే ఆ చట్టాన్ని రద్దు చేసింది, అయినా ముప్పైకి పైగా రాష్ట్రాలు ఈ అనుమతిని ఏదో ఒక రూపంలో కొనసాగిస్తున్నాయి. బీమా ఉన్న రోగులను కొత్త సెంటర్లు లాగేసుకుంటే పల్లె ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు నడవదన్న వాదన మాత్రం తీసిపారేయదగ్గది కాదు. అయితే ఆ వార్డుకు ప్రభుత్వం నేరుగా డబ్బివ్వాలి, ఆ భారం మా రోగుల మీద వేయకూడదు.

2023లో మా రాష్ట్రం కొంత సడలించింది. జనాభా 1,25,000 దాటిన కౌంటీలలో (మన జిల్లాల్లాంటివి) 2026 నవంబరు 21 నుంచి ఎం.ఆర్.ఐ. యంత్రానికి ఈ అనుమతి అక్కర్లేదు. మా కౌంటీ ఆ గీత దాటింది. ఎక్స్‌రే గది పక్కనున్న సామాన్ల గదికి మా డాక్టర్లు ఇప్పటికే కొలతలు తీయించారు.