ఇల్లు ఓనర్‌ది, లోపల సామాను ఎవరిది?

నల్లగొండ నుంచి ఒకాయన రాశారు. మొదటి అంతస్తులో కిరాయి పోర్షన్, నెలకు 7,500. స్కూటర్ బ్యాటరీని రాత్రి హాల్లో ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఛార్జింగ్ పెట్టి పడుకున్నారు, తెల్లారేసరికి మంటలు. మనుషులకు ఏమీ కాలేదు, అదే పదివేలు. టీవీ, ఫ్రిజ్, మంచాలు, బీరువాలో బట్టలు, భార్య ఇంట్లోనే బ్లౌజులు కుడతారు కాబట్టి ఆమె మిషన్, కస్టమర్లు ఇచ్చిన నాలుగు పట్టుచీరలు పోయాయి. గోడలకు, వైరింగ్‌కు, తలుపుకు కలిపి 90,000 ఇమ్మని ఓనర్ అడుగుతున్నాడు. జీతం 28,000. తెలిసినాయన దగ్గర మూడు రూపాయల మిత్తికి రెండు లక్షలు తీసుకోవాలా, లేక లోన్ యాప్‌లో చూసుకోవాలా అని ప్రశ్న.

రెండూ వద్దు. రెండు లక్షలకు మూడు రూపాయల మిత్తి అంటే నెలకు ఆరు వేలు. ఏడాదికి 72,000 కట్టినా అసలు అట్లనే ఉంటుంది. లోన్ యాప్ మాటైతే ఇంట్లో మళ్లీ ఎత్తకండి. నాలుగు తులాల బంగారం ఉందని, 14 నెలలు కట్టిన చిట్టీ నడుస్తోందని మీరే రాశారు, మరి బయట అప్పెందుకు? బ్యాంకులో గోల్డ్ లోన్ వడ్డీ రూపాయి లోపే పడుతుంది. ఈ నెల చిట్టీ పాట ఎంతకు పోతోందో కూడా చూడండి, ఏది చవకైతే అది. ముందు కుట్టుమిషన్ కొనండి, అది సంపాదించి పెడుతుంది. టీవీ ఆరు నెలలు ఆగినా ఎవరికీ ఏమీ కాదు.

ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టకుండా జవాబు రాయడానికి కారణం అందులోని ఒక మాట: “ఇల్లు మాది కాదు కదా, మాకెందుకు ఇన్సూరెన్స్ అనుకున్నాం.” నా దగ్గరికి వచ్చే కిరాయిదారుల్లో పదిమందిలో తొమ్మిది మంది ఇదే అంటారు. ఇల్లు మీది కాదు, నిజమే, కానీ లోపలి ఫ్రిజ్ మీదే, బీరువా మీదే, మీ వల్ల ఓనర్ గోడ నల్లబడితే ఆ ఖర్చూ మీదే. ఓనర్ పాలసీ తీసుకున్నా అది అతని గోడల కోసం, మీ సామానుకు పైసా రాదు. పైగా ఆ కంపెనీ ఓనర్‌కు డబ్బు కట్టేసి, తప్పు కిరాయిదారుదని తేలితే తిరిగి మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఈ ముక్క చెబితే చాలామంది నమ్మరు.

ఆ 90,000 అడగ్గానే ఇచ్చేయకండి, అలాగని కొట్లాటకూ దిగకండి. ఇల్లు మామూలు అరుగుదల పోను తీసుకున్నట్టే తిరిగి అప్పగించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది, కాబట్టి మీ ఛార్జింగ్ వల్లే అంటుకుంటే తప్పించుకోలేరు. పాత వైరింగ్ లోపమైతే లెక్క వేరు. ఫైర్ స్టేషన్ నుంచి రిపోర్టు తీసుకోండి, ఓనర్ చెప్పిన మేస్త్రీతో కాకుండా ఇంకొకరితో ఎస్టిమేట్ రాయించండి. ఓనర్‌కు హోమ్ లోన్ ఉంటే బ్యాంకువాళ్లు ఇంటికి ఇన్సూరెన్స్ చేయించారేమో అడగండి, కంపెనీ కట్టిన ఖర్చునే ఓనర్ మళ్లీ మీ దగ్గర తీసుకోవడం కుదరదు. అడ్వాన్స్ ఎంత మినహాయిస్తాడో కాగితం మీద పెట్టించుకోండి.

ఇప్పుడు పాలసీ తీసుకున్నా కాలిపోయిన దానికి రాదు. కొత్త సామాను ఇంట్లోకి దిగేలోపే తీసుకోండి. 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష పాలసీ ఉంది, ఇల్లు లేకుండా సామానుకు మాత్రమే కూడా ఇస్తారు. మంటలు, వరద, పిడుగు అన్నీ అందులోనే. 2009 అక్టోబర్‌లో అలంపూర్ వైపు, 2024 సెప్టెంబర్ 1న కోదాడలో నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు, ఇది ఓనర్ ఇల్లా కిరాయి ఇల్లా అని చూసి రాలేదు కదా. నాలుగైదు లక్షల సామానుకు ఏడాది ప్రీమియం సాధారణంగా వందల్లోనే ఉంటుంది, మీరు మూడు రూపాయల మిత్తికి నెలకు ఆరు వేలు కట్టడానికి సిద్ధపడ్డారు!

అయితే ఏజెంట్ చెప్పిందల్లా వినకండి. మామూలు దొంగతనం ఈ పాలసీలో రాదు, మంటలో వరదో వచ్చాక ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికే ఇస్తారు, కాబట్టి దొంగతనానికి విడిగా అడగాలి. ఓనర్‌కు, పక్కింటివాళ్లకు మీ వల్ల జరిగే నష్టం కూడా ఇందులో లేదు. దానికి లయబిలిటీ కవర్ ఉన్న హౌస్‌హోల్డర్స్ పాలసీ కావాలని, అందులో కిరాయిదారు బాధ్యత ఉందా అని సూటిగా అడిగి పాలసీ కాగితంలో చూపించమనండి. మీ కేసులో అసలు దెబ్బ అక్కడే తగిలింది. నగలు విడిగా రాయించాలి. బండి దీని కిందికి రాదు, దానికి ఓన్ డ్యామేజ్, అంటే మీ బండికే జరిగే నష్టానికి కవర్ ఉన్న బండి పాలసీ ఉండాలి.

కస్టమర్ల చీరలు మీ సామాను కాదు, కుట్టుపని వ్యాపారం, ఇంటి పాలసీ వాళ్లు దాన్ని ఒప్పుకోరు. మీ ఆవిడ పని పెరుగుతోందంటున్నారు కాబట్టి మిషన్‌కు, కస్టమర్ బట్టలకు చిన్న షాపు పాలసీ అడగండి. ఆ నలుగురికీ ఇప్పుడే ఫోన్ చేసి, నెలకొకరికి చొప్పున ఇస్తామని చెప్పండి.

మూడు నెలల ఖర్చు బ్యాంకులో పక్కన పెట్టడం చిట్టీ అయిపోయాక మొదలుపెట్టండి. ఇంకొకటి, గ్యాస్ కనెక్షన్ ఇంకా దేవరకొండ దగ్గరి మీ ఊరి అడ్రస్ మీదే ఉందని రాశారు. సిలిండర్ పేలితే ఆయిల్ కంపెనీల ఇన్సూరెన్స్‌లో ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా ఇస్తారు, కానీ అది కనెక్షన్ రిజిస్టరైన ఇంట్లో జరిగితేనే. సోమవారం ఏజెన్సీకి వెళ్లి అడ్రస్ మార్పించండి, కిరాయి అగ్రిమెంట్ కాపీ పట్టుకెళ్లండి.