టేబుల్ కొలిచాకే సైన్యం కొను, అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

లెస్టర్‌లో చిన్న గది తీసుకున్నావనీ, బొమ్మ సైన్యాలతో టేబుల్ మీద ఆడే యుద్ధం ఆట వార్‌హామర్ 40కే కోసం 2000 పాయింట్ల (ఒక్కో బొమ్మ బలానికి ఇన్నని లెక్క) ఆర్క్ రాక్షసుల సైన్యం కొనబోతున్నావనీ నిన్న అక్క ఫోన్‌లో చెప్పింది. బొమ్మలకి అంత డబ్బా అని ఆవిడ టెన్షన్. నాకైతే ముందు భలే సంతోషమేసింది, చిన్నప్పుడు నాటింగ్‌హామ్ వస్తే నా బొమ్మలు ముట్టుకోవడానికి చేతులు కడుక్కుని మరీ వచ్చేవాడివి. తర్వాతే భయం పట్టుకుంది. అసలు ఆ గదిలో టేబుల్ ఉందా?



ముందు టేబుల్ సంగతి చూడు. 2020లో వచ్చిన 9వ ఎడిషన్ నియమాల ప్రకారం 1000 పాయింట్ల వరకు టేబుల్ కనీసం 44 బై 30 అంగుళాలు, 2000కి 44 బై 60. ఆర్క్ బాయ్, అంటే వాళ్ల మామూలు సైనికుడి బేస్ (బొమ్మ కింది గుండ్రటి బిళ్ల) 32 మిల్లీమీటర్లు. 60 అంగుళాల అంచు పొడవునా ఆనించి నిలబెడితే 47 మంది పడతారు. వందమందిని దింపితే రెండు వరసలు నిండిపోతాయి, ఇంక పక్క నుంచి చుట్టుముట్టడానికి దారెక్కడ?

2011లో నేను చేసింది ఇదే. రెండేళ్లు రాత్రిళ్లు కూర్చుని రంగులేసిన ఇంపీరియల్ గార్డ్ అనే మనుషుల సైన్యం, ఒక్కటి కూడా పెట్టెలో ఉండకూడదని పంతం. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఆడతానంటే ఆదివారం ఇంటికి పిలిచాను. మా డైనింగ్ టేబుల్ 5 అడుగులు బై 3, దాని మీద ఇద్దరివీ కలిపి 6000 పాయింట్లు! సర్దడానికే గంటన్నర పట్టింది. నా తొమ్మిది ట్యాంకులు ఫంక్షన్ హాలు ముందు కార్లలా ఇరుక్కుపోయాయి, ఒకటి కదలాలంటే ముందున్న మూడు కదలాలి. ఎత్తు లేదు, పైఎత్తు లేదు, ఎదురుగా ఉన్నదాన్ని కాల్చడం, పాచికలు లెక్కపెట్టడం, అంతే. నా వంతు నడిచిన నలభై నిమిషాలూ అతను ఖాళీ కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు. రాత్రి పదకొండైనా రెండో టర్న్ అవ్వలేదు, బస్సు పోతుందని లేచాడు. మళ్లీ పిలిస్తే పనుందన్నాడు. మూడోసారి పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ ఊళ్లో అతనికి ఎవరూ లేరురా. నేను చూసుకున్నది నా ట్యాంకులని, అతన్ని కాదు.

నువ్వూ అక్కడ ఒక్కడివే. నీ గదికి వచ్చినవాడు మళ్లీ రావాలి, నా బెంగంతా అదే. అందుకే ముందు 500 పాయింట్లు చాలు, గంటన్నరలో ఆట ముగించి ఎవరెక్కడ తప్పారో మాట్లాడుకోవచ్చు. అలాగని పెద్ద టేబుల్ మీద పిడికెడు బొమ్మలూ వద్దు: మధ్యలో 24 అంగుళాల ఖాళీ ఉంటే, టర్న్‌కి 6 అంగుళాలు నడిచే కాల్బలానికి అయిదు టర్న్‌ల ఆటలో నాలుగు నడకకే పోతాయి.

44 బై 30 పలకలు రెండు చేయించుకో. 1000 వరకు ఒకటి, 2000కి రెండూ కలిపితే సరిగ్గా 44 బై 60. అయ్యాక మంచం కిందికి తోసెయ్యొచ్చు. వెడల్పు మాత్రం 4 అడుగులు దాటనివ్వకు, మధ్యలోకి చెయ్యి అందదు, వంగితే చొక్కా చెయ్యి తగిలి బొమ్మలు పడతాయి.

గది కొలతలు, మంచం కింద ఎత్తుతో సహా, రాత్రికి పంపు. పలకలు నేనే కోయించి శనివారం తెస్తాను. మొదటి ఆటకి ఎవర్ని పిలుస్తున్నావో కూడా చెప్పు, మీ అత్త ఇద్దరికీ సరిపడా పులిహోర కడుతుంది.

మామయ్య