డార్క్ మోడ్‌లో అక్షరాలు అలుక్కుపోతున్నాయా?

ప్రశ్న: రోజంతా ల్యాప్‌టాప్‌లో తెలుగు టైపింగ్ చేస్తాను. డార్క్ మోడ్ (నల్ల తెర మీద తెల్లక్షరాలు) కళ్లకు హాయి, బ్యాటరీ ఆదా అంటున్నారు. నాకేమో అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: వెలుతురున్న గదిలో లైట్ మోడే మేలు. తెర నల్లగా ఉంటే కంటిపాప విచ్చుకుంటుంది, చూపులోని చిన్న లోపాలు అప్పుడే బయటపడతాయి. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేక చూపు మసకబారే లోపం) ఉంటే తెల్లక్షరం చుట్టూ కాంతి చెదిరినట్టుంటుంది. మన తెలుగు అక్షరాల్లో గుడులు, వత్తులు అసలే ఇరుకు. ఒకసారి కంటి పరీక్ష చేయించుకోండి.

బ్యాటరీ ఆదా ఓఎల్‌ఈడీ తెరలకే. వాటిలో ప్రతి చుక్కా విడిగా వెలుగుతుంది, నల్లచుక్క వెలగదు. ఎల్‌సీడీలో వెనక దీపం ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్, పర్సనలైజేషన్, కలర్స్ తెరిచి ‘చూజ్ యువర్ మోడ్’ దగ్గర కస్టమ్ ఎంచుకోండి. విండోస్ మోడ్ డార్క్, యాప్ మోడ్ లైట్ పెడితే టాస్క్‌బార్ నల్లగా, రాసే పేజీ తెల్లగా ఉంటాయి. తెర పక్కన తెల్ల కాగితం పెట్టి చూడండి. తెర దానికంటే మెరుస్తుంటే బ్రైట్‌నెస్ తగ్గించండి. చాలామంది ఈ పని చేయకుండానే థీమ్‌ను తిడతారు!

రాత్రి డార్కే కావాలనుకుంటే అచ్చ నలుపు వద్దు, ముదురు బూడిద మీద లేత బూడిద అక్షరాలు పెట్టుకోండి. అక్షరం చిన్నదనిపిస్తే జూమ్ 120 శాతం చేయండి. ఫాంట్ సైజు మారిస్తే పేజీ అమరిక చెడుతుంది.