అబాప్ ఇంటర్వ్యూ: ఎస్‌వై ఫీల్డులను బట్టీ పడితే ఎందుకు చాలదు

ప్రశ్న: బీటెక్ (ఈసీఈ) అయ్యాక అమీర్‌పేటలో మూడు నెలలు అబాప్ (కంపెనీల వ్యాపార సాఫ్ట్‌వేర్ ఎస్‌ఏపీలో ప్రోగ్రాములు రాసే భాష) నేర్చుకున్నాను. రెండు ఇంటర్వ్యూల్లోనూ సిస్టం వేరియబుల్స్ (ప్రోగ్రాం నడుస్తుండగా సిస్టమే నింపే ‘ఎస్‌వై’ ఫీల్డులు) దగ్గరే ఆగిపోయాను. పేరు చెప్పి అర్థం అడిగితే చెప్పగలను. చిన్న ప్రోగ్రాం చూపించి ‘ఈ లైను తర్వాత ట్యాబిక్స్ (టేబుల్‌లో వరుస సంఖ్య) ఎంత?’ అంటే మాత్రం తడబడుతున్నాను. వీటిని ఎలా చదవాలి? ఎస్‌ఏపీ కొత్త తరం సాఫ్ట్‌వేర్ ఎస్‌/4 హానా వచ్చాక ఇవన్నీ ఇంకా అవసరమేనా? రెజ్యూమేలో మూడేళ్ల అనుభవం చూపించమని ఇన్‌స్టిట్యూట్‌లో అంటున్నారు, పెట్టొచ్చా?
- ఒక అభ్యర్థి, కరీంనగర్

జవాబు: మీరు ఎస్‌వై ఫీల్డులను నిఘంటువు చదివినట్టు చదివారు. ఇంటర్వ్యూలో అడిగేది వాటి కదలిక గురించి. ఏ స్టేట్‌మెంట్ నడిస్తే ఏ ఫీల్డు మారుతుంది, ఆ విలువ మళ్లీ ఎప్పుడు చెరిగిపోతుంది అన్నది పట్టుకుంటే జాబితా దానంతట అదే గుర్తుంటుంది. ఈ ఫీల్డులు వందకు పైగా ఉన్నాయి. వాటిలో చాలా భాగం పాతకాలపు లిస్టు స్క్రీన్లకో, సిస్టం సొంత అవసరాలకో పెట్టినవి. రోజూ చేతిలో ఆడేవి పది, పన్నెండే.

పేర్లు వింతగా తోస్తే కారణం ఒకటి చెబుతాను, గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది. ఎస్‌ఏపీ 1972లో జర్మనీలో పుట్టిన సంస్థ, చాలా పేర్లు జర్మన్ మాటల నుంచే వచ్చాయి. ‘డాటుమ్’ అంటే తేదీ. ‘యూజైట్’ అన్నది గడియారపు సమయానికి జర్మన్ మాట కుదించినది. ‘మాండ్ట్’ అంటే క్లయింట్, ఒకే సిస్టంలో వేరుగా ఉంచే డేటా భాగం.

ముందు ఎస్‌వై-సబ్‌ఆర్‌సీ, అంటే అంతకుముందు నడిచిన స్టేట్‌మెంట్ ఫలితం చెప్పే అంకె. ‘సున్నా అయితే సక్సెస్, కాకపోతే ఫెయిల్’ అని నేర్పిస్తారు. అంతవరకు సరే, కానీ సున్నా కాని అంకెకు అర్థం స్టేట్‌మెంట్‌ను బట్టి మారుతుంది. డేటాబేస్ నుంచి వరుసలు తెచ్చే సెలెక్ట్ తర్వాత 4 అంటే ఒక్క వరుస కూడా దొరకలేదని. ఎండ్‌లూప్ తర్వాత 4 అంటే లూప్ ఒక్కసారి కూడా తిరగలేదని. యూజర్ అనుమతిని పరీక్షించే అథారిటీ-చెక్ తర్వాత 4 అంటే ఆ అనుమతి ఆబ్జెక్టు యూజర్‌కు ఉంది కానీ అడిగిన విలువకు అనుమతి లేదని, 12 అంటే అసలు ఆ ఆబ్జెక్టే లేదని. కాల్ ఫంక్షన్‌లో ఎక్సెప్షన్స్ కింద 1, 2 అని రాస్తామే, ఆ అంకెలు మనం ఇచ్చినవే. ఏ ఎక్సెప్షన్‌కు ఏ అంకె ఇచ్చామో అదే సబ్‌ఆర్‌సీలోకి వస్తుంది. ఆ జాబితాలో లేని ఎక్సెప్షన్ లేచి, ‘అదర్స్’ కూడా రాయకపోతే ప్రోగ్రాం షార్ట్ డంప్ అవుతుంది, అంటే మధ్యలోనే కూలిపోతుంది. దాన్ని ఎస్‌టీ22 అనే స్క్రీన్‌లో చూడాలి.

రెండో సంగతి, దీని ఆయుష్షు. కేవలం విలువను ఒక వేరియబుల్ నుంచి ఇంకో వేరియబుల్‌కు ఇచ్చినా, క్లియర్ చేసినా సబ్‌ఆర్‌సీ మారదు. మధ్యలో ఇంకో రీడ్, ఇంకో సెలెక్ట్, ఏదైనా మెథడ్ కాల్ వస్తే పాత విలువ పోయినట్టే. సెలెక్ట్ రాసి, దాని కింద ‘లాగ్ రాయి’ అని ఒక మెథడ్‌ను పిలిచి, ఆ తర్వాత సబ్‌ఆర్‌సీ చూస్తే మీరు చూస్తున్నది ఆ మెథడ్ మిగిల్చిన విలువ. అందుకే అడిగిన వెంటనే, పక్క లైనులోనే పరీక్షించాలి.

పరీక్షించకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. మొదటి సెలెక్ట్‌లో ఆర్డర్లు ఒక ఇంటర్నల్ టేబుల్ (ప్రోగ్రాం మెమరీలో ఉండే టేబుల్) లోకి తెచ్చి, ఆ టేబుల్ ఆధారంగా ఫర్ ఆల్ ఎంట్రీస్‌తో రెండో సెలెక్ట్ రాశారనుకోండి. మొదటిదాంట్లో ఏమీ రాలేదు, మీరు చూడలేదు. ఆధార టేబుల్ ఖాళీగా ఉంటే ఫర్ ఆల్ ఎంట్రీస్ ‘ఏమీ తేకు’ అని అర్థం చేసుకోదు. ఏ వరుసలు కావాలో చెప్పే వేర్ షరతు మొత్తాన్ని పక్కన పెట్టి డేటాబేస్ టేబుల్‌లో ఉన్నదంతా తెస్తుంది. డెవలప్‌మెంట్ సిస్టంలో 200 వరుసలుంటే ఎవరికీ తెలియదు. ప్రొడక్షన్‌లో లక్షల వరుసలతో మెమరీ నిండి జాబ్ పడిపోతుంది. ఫర్ ఆల్ ఎంట్రీస్‌కు ముందు ‘టేబుల్ ఖాళీ కాదు’ అన్న షరతు ఉందా అని కోడ్ రివ్యూలో మొదట చూసేది ఇందుకే.

ఇప్పుడు మీరు తడబడిన ట్యాబిక్స్. టేబుల్ వరుసల మీద తిరిగే లూప్ ఎట్, ఒక వరుసను వెతికే రీడ్ టేబుల్, వరుసను చేర్చే అపెండ్, కలెక్ట్ - ఇవన్నీ ఎస్‌వై-ట్యాబిక్స్‌ను మారుస్తాయి. డూ, వైల్ లూపులకు మాత్రం ఎస్‌వై-ఇండెక్స్, అంటే ఎన్నో చుట్టో చెప్పే అంకె. ఈ రెండింటినీ కలిపేసుకోవడం ఫ్రెషర్లు ఎక్కువగా చేసే తప్పు.

కాగితం మీద గీసుకుని చూడండి. ఆర్డర్ల టేబుల్‌లో మూడు వరుసలు: 1. సిమెంట్, 2. ఇనుము, 3. రంగు. ధరల టేబుల్‌లోనూ మూడే, వరుస వేరు: 1. రంగు, 2. ఇనుము, 3. సిమెంట్. ఆర్డర్ల మీద లూప్ తిప్పుతూ, ఒక్కో వరుసను వర్క్ ఏరియా (ఒక వరుస పట్టే వేరియబుల్) లోకి తీసుకుని, లోపల ధరల మీద రీడ్ టేబుల్ చేసి, దొరికిన ధర వర్క్ ఏరియాలో పెట్టి, ‘మాడిఫై ఆర్డర్లు, ఇండెక్స్ ఎస్‌వై-ట్యాబిక్స్’ అని, అంటే ట్యాబిక్స్‌లో ఉన్న సంఖ్య వరుసను మార్చమని రాశాం. మొదటి చుట్టులో లూప్ ట్యాబిక్స్‌ను 1 చేసింది. వెంటనే రీడ్, సిమెంట్ ధర మూడో వరుసలో దొరకడంతో, దాన్ని 3 చేసేసింది. మాడిఫై వెళ్లి ఆర్డర్లలో మూడో వరుసను, అంటే రంగును, చెరిపి అక్కడ సిమెంట్ రాసింది. రెండో చుట్టులో ఇనుము రెండు టేబుళ్లలోనూ రెండో వరుసే కాబట్టి సరిగ్గా కూర్చుంది. మూడో చుట్టులో లూప్‌కు దొరికింది కూడా సిమెంటే. చివరికి మిగిలింది చూడండి: మొదటి వరుసలో ధర లేని సిమెంట్, రెండో వరుసలో ధరతో ఇనుము, మూడో వరుసలో ధరతో ఇంకో సిమెంట్. రంగు ఆర్డరు మాయం.

డంప్ లేదు, ఎర్రర్ మెసేజ్ లేదు. ఇనుము ఒక్కటే పెట్టి టెస్ట్ చేసినవాడికి అంతా బాగానే కనిపిస్తుంది. ధరల టేబుల్ పెద్దదై రీడ్ 50వ వరుసను ఇస్తే, ఆర్డర్లలో 50 వరుసలు లేనందువల్ల మాడిఫై సబ్‌ఆర్‌సీని 4 చేసి ఊరుకుంటుంది, ఏమీ మారదు. సరిదిద్దడానికి రెండు దారులు. లూప్ మొదలైన వెంటనే ట్యాబిక్స్‌ను సొంత వేరియబుల్‌లో దాచుకుని మాడిఫైలో దాన్ని వాడడం పాత దారి. లూప్‌ను ఫీల్డ్ సింబల్ (అసలు వరుసనే చూపే సూచిక) తో రాస్తే వరుస నేరుగా చేతికొస్తుంది, మాడిఫై అవసరమే ఉండదు. కొత్త కోడ్‌లో ఇదే రాయండి. ఇంటర్వ్యూలో మాత్రం రెండూ చెప్పండి, ఎందుకంటే సపోర్ట్ ప్రాజెక్టులో మీ చేతికొచ్చేది మొదటి రకమే.

దీనికి తోకగా అడిగే ప్రశ్నలు మూడున్నాయి. ఎండ్‌లూప్ దాటాక ట్యాబిక్స్ ఎంత? లూప్‌లోకి వెళ్లక ముందు ఉన్న విలువే తిరిగి వస్తుంది. హ్యాష్డ్ టేబుల్ మీద లూప్ తిప్పితే? 0, దానికి వరుస సంఖ్య అన్నదే లేదు. బైనరీ సెర్చ్‌లో దొరకకపోతే? 10, 20, 30 అని సార్ట్ అయిన టేబుల్‌లో 25 వెతికితే సబ్‌ఆర్‌సీ 4, ట్యాబిక్స్ 3. ఎక్కడ ఇన్సర్ట్ చేస్తే క్రమం చెడదో ఆ స్థానం అది. 40 వెతికితే సబ్‌ఆర్‌సీ 8, ట్యాబిక్స్ 4, అంటే టేబుల్ చివరి తర్వాతి స్థానం. ఈ మూడో జవాబు చెప్పగలిగితే మీరు డీబగ్గర్ (ప్రోగ్రాంను లైను లైనుగా నడిపి చూసే సాధనం) లో చూసి నేర్చుకున్నారని ఎదుటివారికి అర్థమవుతుంది.

సబ్‌ఆర్‌సీని నమ్మకూడని చోట్లు కూడా తెలియాలి. బీఏపీఐ (ఎస్‌ఏపీ ఇచ్చే రెడీమేడ్ ఫంక్షన్) పిలిచి పర్చేజ్ ఆర్డర్ (పీఓ) సృష్టిస్తే తప్పొప్పులు రిటర్న్ టేబుల్‌లో వస్తాయి. సబ్‌ఆర్‌సీ 0 అని సంతోషించి ముందుకు పోతే నష్టపోతారు. రిటర్న్‌లో ‘ఈ’ (ఎర్రర్) లేదా ‘ఏ’ (అబార్ట్) రకం మెసేజ్ ఉందా చూడాలి, లేకపోతేనే మార్పును ఖాయం చేసే కమిట్ బీఏపీఐ పిలవాలి, ఉంటే రోల్‌బ్యాక్ (రద్దు). కమిట్ మరిచిపోతే పీఓ నంబర్ కనిపిస్తుంది కానీ పీఓలు చూసే ఎంఈ23ఎన్ స్క్రీన్‌లో తెరిస్తే ఆ పీఓ ఉండదు. అలాగే కొత్త సింటాక్స్‌లో చదరపు బ్రాకెట్లతో టేబుల్ వరుసను తీస్తే సబ్‌ఆర్‌సీ మారదు. వరుస లేకపోతే ఎక్సెప్షన్ లేస్తుంది, ట్రై-క్యాచ్ లేకపోతే డంప్.

తేదీ సంగతి మన దగ్గర రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారికి బాగా తగులుతుంది. ఎస్‌వై-డాటుమ్, ఎస్‌వై-యూజైట్ అప్లికేషన్ సర్వర్ తేదీ, సమయం ఇస్తాయి. సర్వర్ జర్మనీ సమయంలో ఉంటే చలికాలంలో మనకంటే నాలుగున్నర గంటలు వెనక. హైదరాబాద్‌లో రాత్రి 2 గంటలకు రిపోర్టు నడిపితే డాటుమ్‌లో నిన్నటి తేదీ వస్తుంది, అక్కడ ఇంకా రాత్రి 9:30. యూజర్ టైమ్‌జోన్ ప్రకారం కావాలంటే ఎస్‌వై-డాట్లో, ఎస్‌వై-టిమ్లో ఉన్నాయి. గంటల తరబడి నడిచే జాబ్‌లో డాటుమ్, యూజైట్ వాటంతట అవి ముందుకు కదలవు, గెట్ టైమ్ రాస్తేనే తాజా విలువ వస్తుంది. ‘ఈ నెల మొదటి తేదీ’ లెక్కకు డాటుమ్‌ను సొంత వేరియబుల్‌లోకి తీసుకుని చివరి రెండు అంకెలను 01 చేయండి. అందులోంచి 1 తీసేస్తే పోయిన నెల ఆఖరి రోజు. ఈ మార్పు నేరుగా డాటుమ్ మీద మాత్రం చేయకండి.

ఎందుకంటే ఇవి పేరుకు సిస్టం ఫీల్డులైనా మామూలు వేరియబుల్స్ లాంటివే, వీటిలో చాలావాటిని ప్రోగ్రాం మార్చేయగలదు. అందుకే ‘ఎస్‌వై-యూనేమ్ (లాగిన్ అయిన యూజర్ పేరు) ఫలానా యూజర్ అయితే అనుమతించు’ అని రాసే కోడ్‌ను భద్రతా తనిఖీల్లో తప్పుపడతారు. అనుమతి అథారిటీ-చెక్‌తోనే అడగాలి, దాని తర్వాత సబ్‌ఆర్‌సీ చూడాలి. ఆ స్టేట్‌మెంట్ తనంతట తాను ఎవరినీ ఆపదు. చూడకుండా వదిలేస్తే అది ఉన్నా లేనట్టే. డీబగ్గర్‌లో విలువ మార్చే అధికారం ఉన్నవారు అక్కడ 4ను 0 చేసి దాటిపోగలరు కూడా. ప్రొడక్షన్‌లో డెవలపర్లకు ఆ అధికారం ఇవ్వకపోవడానికి కారణం ఇదే, అడిగితే చెప్పండి.

ఎస్‌/4 హానా వచ్చాక ఇవి అవసరమేనా అన్నారు. అవసరమే, కాకపోతే కొంత మారింది. పాత తరం సాఫ్ట్‌వేర్ ఈసీసీ 6.0 కొత్త ఎన్‌హాన్స్‌మెంట్ ప్యాకేజీలకు ఎస్‌ఏపీ ప్రధాన మెయింటెనెన్స్ 2027 చివరి వరకు ఉంది. ఈలోపు వలస వెళ్లే కంపెనీల పాత కోడ్ చదవడం, సరిదిద్దడం పెద్ద పని, అందులో అడుగడుగునా ఎస్‌వై ఫీల్డులే. క్లౌడ్‌కు తగ్గట్టు కుదించిన అబాప్ క్లౌడ్‌లో సబ్‌ఆర్‌సీ, ట్యాబిక్స్ వంటివి అలాగే ఉన్నాయి. తేదీ, యూజర్ పేరు వంటివాటికి మాత్రం కాంటెక్స్ట్ ఇన్ఫో క్లాస్ మెథడ్స్ వాడాలి. మీ కోర్సులో సీడీఎస్ వ్యూలు (డేటాబేస్ దగ్గరే డేటాను కలిపి చూపే నిర్వచనాలు), రాప్ (కొత్త తరహా అప్లికేషన్లు కట్టే పద్ధతి) చెప్పకపోయి ఉంటే ఎస్‌ఏపీ లెర్నింగ్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, వెంటనే మొదలుపెట్టండి. రిపోర్టులు, ఏఎల్‌వీ (రిపోర్టును పట్టికగా చూపే సాధనం) మాత్రమే తెలిసిన ఫ్రెషర్‌కు ఇప్పుడు పిలుపులు రావడం కష్టం.

సాధన ఇలా చేయండి. ల్యాప్‌టాప్‌లో ఎక్లిప్స్ (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్), దానిమీద అబాప్ డెవలప్‌మెంట్ టూల్స్ వేసుకుని, ఎస్‌ఏపీ క్లౌడ్ వేదిక బీటీపీలో ట్రయల్ ఖాతా తీసుకోండి. డబ్బు కట్టనక్కర్లేదు. అక్కడ పాత ప్రోగ్రాం ఎడిటర్ ఎస్‌ఈ38 ఉండదు. కన్సోల్‌కు అవుట్‌పుట్ ఇచ్చే క్లాస్ రాసి ఎఫ్9తో నడపాలి. పైన చెప్పిన సిమెంట్ ఉదాహరణ టైప్ చేసి, బ్రేక్‌పాయింట్ పెట్టి, ఎఫ్6తో ఒక్కో లైను కదపండి. అసలు కిటుకు ఏమిటంటే, నొక్కే ముందు నోటుబుక్‌లో సబ్‌ఆర్‌సీ, ట్యాబిక్స్, ఇండెక్స్ ఎంతవుతాయో రాసుకోవాలి. నొక్కాక సరిపోల్చండి. తప్పిన చోట గుండ్రం చుట్టండి. రోజుకు ఇరవై లైన్లు చాలు. రెండు వారాల్లో గుండ్రాలు తగ్గడం మీకే కనిపిస్తుంది. ఇన్‌స్టిట్యూట్ సర్వర్ అందుబాటులో ఉంటే కమాండ్ బాక్స్‌లో /హెచ్ కొట్టి డీబగ్గర్ మొదలుపెట్టి పాత రిపోర్టులు కూడా ఇలాగే నడపండి.

ఇక అనుభవం మాట. పెట్టకండి. కంపెనీలు యూఏఎన్ (పీఎఫ్ ఖాతాల ఉమ్మడి నంబర్) ద్వారా పీఎఫ్ చరిత్ర చూస్తాయి, లేని ఉద్యోగం అక్కడే బయటపడుతుంది. చేరిన ఆరు నెలలకు బయటపడినా ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత చేసే ప్రతి వెరిఫికేషన్‌లోనూ ఆ మచ్చ వెంట వస్తుంది. మీ ఇంట్లో వాళ్లు ఫీజు కట్టి, హాస్టల్ ఖర్చు భరించి పంపింది ఇందుకోసం కాదు. ఫ్రెషర్‌గానే వెళ్లండి. అనుభవం కాలమ్ బదులు మీరు రాసిన మూడు చిన్న ప్రోగ్రాములు, ఒక్కోదాంట్లో పట్టుకున్న తప్పు, దాని కారణం రాయండి.

ఈసారి ఇంటర్వ్యూలో ఎప్పుడూ వినని ఎస్‌వై ఫీల్డు అడిగితే ఊహించి చెప్పకండి. ‘ఇది నేను వాడలేదండీ. డేటా నిర్వచనాలు చూపే ఎస్‌ఈ11లో, ఎస్‌వై ఫీల్డులన్నీ ఉండే సిస్ట్ స్ట్రక్చర్ తెరిచి దాని వివరణ చూస్తాను, తర్వాత డీబగ్గర్‌లో ఏ లైను దగ్గర మారుతుందో గమనిస్తాను’ అనండి.