గుండెల్లో మంటకు వైర్‌లెస్ పరీక్ష: బీమా వస్తుందా, చేతి డబ్బే పెట్టాలా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగిని. రెండేళ్లుగా గుండెల్లో మంటకు రోజూ ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర వేసుకుంటున్నాను. ఎండోస్కోపీలో ఏమీ కనిపించలేదు. అన్నవాహికలో ఆమ్లతను కొలిచే వైర్‌లెస్ పీహెచ్ పరీక్ష చేయించి, ఆ తర్వాత ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామని డాక్టరు గారు అంటున్నారు. ఒక రోజు అడ్మిట్ అయితే బీమాలో వచ్చేస్తుందని ఆసుపత్రి సిబ్బంది చెబుతున్నారు. నాకు రూ.5 లక్షల పాలసీ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: కేవలం ఈ పరీక్ష కోసం అడ్మిట్ కావడానికి దయచేసి ఒప్పుకోకండి. వ్యాధి నిర్ధారణ కోసమే ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు బీమా పరిధిలోకి రాదన్నది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ప్రామాణిక మినహాయింపుల్లో ఒకటి. మీ పాలసీ పత్రంలో ‘ఇన్వెస్టిగేషన్ అండ్ ఇవాల్యుయేషన్’ అనే శీర్షిక కింద, ఎక్స్‌క్లూజన్ 04 కోడ్‌తో అది కనిపిస్తుంది. క్లెయిమ్ తిరస్కరిస్తే పరీక్ష ఖర్చుతో పాటు గది అద్దె కూడా మీ మీదే పడుతుంది.

పరీక్ష అవసరమో కాదో తేల్చవలసింది వైద్యులే అయినా, దేనికి డబ్బు కడుతున్నారో మీకు తెలిసి ఉండాలి. ఎండోస్కోపీ సాయంతో ఒక చిన్న క్యాప్సూల్‌ను అన్నవాహిక గోడకు, జీర్ణాశయంతో కలిసే చోటికి దాదాపు 6 సెంటీమీటర్ల పైన అమరుస్తారు. అది 48 నుంచి 96 గంటల పాటు ఆమ్లత వివరాలను నడుముకు కట్టుకున్న రికార్డరుకు పంపి, కొన్ని రోజులకు తనంతట తానే ఊడి మలంతో వెళ్లిపోతుంది. ముక్కులోంచి సన్నని గొట్టం వేసి చేసే 24 గంటల పరీక్ష సాధారణంగా చవక. అయితే ఆమ్లం ఎగదన్నడం రోజుకో తీరుగా ఉంటుంది, పైగా గొట్టంతో చాలామంది మామూలుగా తినలేరు. అందుకే మీలా ఆమ్లం ఎగదన్నే జబ్బు ఇంకా రుజువు కాని వారికి 96 గంటల వైర్‌లెస్ పరీక్షే మేలని లియోన్ 2.0 వైద్య మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. అన్నవాహికలో ఆమ్లం ఉన్న సమయం కనీసం రెండు రోజులు, రోజు మొత్తంలో 6 శాతం దాటితే జబ్బు ఉన్నట్టు, అన్ని రోజులూ 4 శాతం లోపే ఉంటే లేనట్టు లెక్క. లేదని తేలితే అక్కరలేని ఆపరేషన్ తప్పుతుంది, రోజూ మాత్ర మానేయవచ్చేమో కూడా డాక్టరు చూస్తారు. కనుక ఇది దండగ ఖర్చు కాదని నా అభిప్రాయం.

ముందే రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. ఒకసారికే పనికివచ్చే క్యాప్సూల్ ధరతో పాటు ఎండోస్కోపీ, మత్తు, రిపోర్టు ఛార్జీలు అందులో కలిశాయో లేదో చూసుకోండి. క్యాప్సూల్ సరిగా అతుక్కోకపోయినా, గడువుకు ముందే ఊడిపోయినా రెండోదాని ఖర్చు ఎవరిదో కూడా అడగండి, ఎందుకంటే అలా జరగడం ఉన్నదే.

ఈ మొత్తాన్ని క్రెడిట్ కార్డు ఈఎంఐలో కాకుండా అత్యవసర నిధిలోంచి కట్టండి. మీ కంపెనీ గ్రూపు పాలసీలో ఓపీడీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి బీమా) ఉందేమో హెచ్‌ఆర్‌ను ముందుగా కనుక్కోండి. చివరికి ఆపరేషనే అవసరమై, పరీక్ష జరిగిన 30 లేదా 60 రోజుల్లో (మీ పాలసీని బట్టి) ఆసుపత్రిలో చేరి, ఆ క్లెయిమ్ ఆమోదం పొందితే, ‘ప్రీ-హాస్పిటలైజేషన్’ (ఆసుపత్రిలో చేరడానికి ముందు అయిన) ఖర్చు కింద ఈ బిల్లును కూడా అడగవచ్చు. అందుకే డాక్టరు చీటీ, అసలు బిల్లు, రిపోర్టు భద్రపరచండి. మంట మొదలయ్యాక పాలసీ తీసుకుని ఉంటే, ముందునుంచి ఉన్న జబ్బులకు 3 ఏళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్ (బీమా వర్తించని గడువు) ఉండవచ్చు. ప్రతిపాదన పత్రంలో ఈ సమస్య రాశారో లేదో ఇప్పుడే చూసుకోండి.

తేదీ ఖరారు చేసే ముందు మాత్ర ఎప్పుడు ఆపాలో డాక్టరునే అడగండి. జబ్బు ఉందో లేదో తేల్చే ఈ పరీక్షకు సాధారణంగా 7 రోజుల ముందే ఆపమంటారు. మాత్ర వేసుకుంటూ చేయించుకుంటే ఫలితం నమ్మదగినదిగా ఉండక, మళ్లీ మొదటి నుంచి డబ్బు కట్టాల్సి రావచ్చు.