చెవి కింద గడ్డ, నొప్పి లేదు... అయినా ఆపరేషనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకి 54 ఏళ్ళు. ఎడమ చెవి తమ్మె కింద నాలుగేళ్ళ నుంచి గడ్డ ఉంది, మొదట్లో శనగగింజంత ఉండేది ఇప్పుడు కుంకుడుకాయంత అయ్యింది. నొప్పేం లేదు. గవదబిళ్ళలేమో అని పసరు కట్టు కూడా వేస్తున్నాం. మొన్న సూది పరీక్షలో ప్లియోమార్ఫిక్ అడినోమా, క్యాన్సర్ కాదు అని వచ్చింది, అయినా ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. మా మేనత్తేమో కత్తి పడితే మామూలు గడ్డ కూడా క్యాన్సర్ అయిపోద్ది, కదపొద్దు అంటోంది. ఏం చెయ్యమంటారు?
- ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: మీ మేనత్త మాట పక్కన పెట్టండమ్మా, కత్తి పడినందుకు ఏ గడ్డా క్యాన్సర్ అవదు. ఈ రకం గడ్డని ఏళ్ళ తరబడి వదిలేస్తేనే కొన్ని అలా మారతాయి, ఎంత పాతబడితే అంత రిస్కు.

అది ఉన్నది పెరోటిడ్ అనే లాలాజల గ్రంథిలో. ఇక్కడొచ్చే కణితుల్లో 100కి దాదాపు 80 మామూలువే, అందులోనూ ఎక్కువ మీ నాన్నగారికి వచ్చిన రకమే. అదే దవడ కింద గ్రంథిలో అయితే సగానికి దగ్గరగా క్యాన్సర్లు ఉంటాయి, నాలుక కింద వస్తే ఎక్కువ శాతం అవే.

నొప్పి లేదు కాబట్టి మంచిదే అనుకోకండి, క్యాన్సర్ గడ్డలు కూడా చాలా వరకు నొప్పి లేకుండానే పెరుగుతాయి. తినేటప్పుడల్లా ఉబ్బి నొప్పెట్టి కాసేపటికి తగ్గిపోతుంటే అది ఎక్కువగా గ్రంథిలో రాయి గొడవ.

మేం ముందు చూసేది ముఖం. ముఖాన్ని కదిలించే నరం ఈ గ్రంథి మధ్యలోంచే పోతుంది, మామూలు గడ్డ దాన్ని పక్కకి నెడుతుందే గానీ సాధారణంగా పాడు చెయ్యదు, క్యాన్సర్ అయితే నరంలోకే చొచ్చుకుపోవచ్చు. ఈ రాత్రి నాన్నగారిని ట్యూబ్‌లైట్ కింద కూర్చోబెట్టి కళ్ళు గట్టిగా మూయమనండి, పళ్ళు చూపించమనండి, నోట్లో నీళ్ళు పోసుకుని బుగ్గలు పూరించమనండి. ఒక కన్ను సరిగ్గా మూతపడకపోయినా, మూతి ఒక పక్కకి లాగినా, నీళ్ళు కారినా తెల్లారే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. గడ్డ కొద్ది వారాల్లోనే గబగబా పెరిగినా, కదలకుండా అతుక్కుపోయినట్టున్నా, మెడలో బిళ్ళలు తగిలినా అంతే.

సూది పరీక్ష చాలాసార్లు నిజమే చెప్తుంది కానీ సూదిలోకి వచ్చేది కాసిని కణాలే కదా, గడ్డలో ఒక మూల మారిపోయి ఉంటే దొరక్కపోవచ్చు, అందుకే మొత్తం తీసి బయాప్సీకి పంపాకే ఫైనల్.

ఇంకోటి, ఎవరైనా గడ్డ ఒక్కటీ ఒలిచేస్తాం, చిన్న పనే అంటే ఒప్పుకోకండి. దాని పైపొర చాలా పల్చన, చిట్లి లోపలి కణాలు చిందితే కొన్నేళ్ళకి ఒక్క గడ్డ పోయి అదే చోట సగ్గుబియ్యంలా పది మొలుస్తాయి, వాటిని తియ్యడం మాకూ నరకమే. చుట్టూ కాస్త మంచి గ్రంథితో కలిపి, నరాన్ని కాపాడుకుంటూ తియ్యాలి. ఆ తర్వాత కొన్నాళ్ళు మూతి కొంచెం వంకరగా ఉండొచ్చు, చాలామందికి సర్దుకుంటుంది. కొందరికి ఆవకాయ ముద్ద నోట్లో పెట్టగానే ఆ చెంప మీద చెమట పడుతుంది, దానికి కంగారొద్దు.

పసరు కట్టు మాత్రం ఇవాళే తీసెయ్యండి.